పిల్లోళ్ళు లెక్క అడిగితే దాచకుండా చెప్పండి

ఈరోజు వాన సంగతో, మందుల సంగతో కాదు, కేసుల సంగతి రాస్తా ఉండా. భయపడొద్దండి, కోర్టు కేసులు కాదు.

ఎంబీఏ చదివే పిల్లోళ్ళకు కేసు అంటే ఒక వ్యాపారంలో నిజంగా వచ్చిన చిక్కును కాగితం మీద రాసి, "నువ్వైతే ఏం చేస్తావు" అని అడగడం. అమెరికాలో హార్వర్డ్ వాళ్ళు 1921లో మొదటి కేసు రాసింది ఒక చెప్పుల కంపెనీ మీద. పనివాళ్ళు టైముకు ముందే పని ఆపేస్తా ఉంటే ఏం చేయాల అనేది ఆ చిక్కు. ఇప్పుడు దీని మీద ప్రపంచ పోటీలే జరుగుతున్నాయి. కెనడాలో మాంట్రియల్‌లో జరిగే పోటీలో జట్టుకు నలుగురు. కేసు చేతికిచ్చి మూడు గంటలు టైమిస్తారు, తర్వాత జడ్జీల ముందర నిలబడి జవాబు చెప్పాల.

ఇంకో పోటీ హల్ట్ ప్రైజ్. గెలిస్తే పది లక్షల డాలర్లు. 2013లో బస్తీల్లో తిండి కొరత మీద పోటీ పెడితే కెనడా పిల్లోళ్ళు పురుగుల పిండితో ఆహారం చేస్తామని చెప్పి గెలిచినారు. మనం మందు కొట్టి చంపే పురుగులతోనే! 2014లో గెలిచింది మన హైదరాబాద్ ఐఎస్‌బీ జట్టు, పేరు నానోహెల్త్. బస్తీల్లో బీపీ, షుగరు ఉన్నోళ్ళు ఆస్పత్రికి పోరు, పోయేసరికి ముదిరిపోయి ఉంటుంది. దానికి వాళ్ళు చెప్పిన మార్గం, బస్తీ వాళ్ళకే శిక్షణ ఇచ్చి, చిన్న పరికరాల పెట్టెతో ఇంటింటికీ పంపడం. కొత్త ఆస్పత్రి కట్టమని వాళ్ళు చెప్పలేదు. చిక్కు యాడుందో అది కనుక్కున్నారు.

ఇదంతా మనకెందుకంటారా? మా చెల్లెలి కూతురు తిరుపతిలో ఎంబీఏ చదువుతా ఉంది. అట్లాంటిదే ఒక పోటీకి తోతాపురి మామిడి చిక్కును ఎత్తుకుని, ముగ్గురు స్నేహితులతో మా తోపుకొచ్చింది. వచ్చేటప్పుడే జవాబు రాసుకొచ్చినారు: ఊరికొక కోల్డ్ స్టోరేజీ. నేను చెప్పినా, "అమ్మా, పచ్చి మామిడిని మరీ చల్లగా పెడితే తోలు నల్లబడుతుంది, సరిగా పండదు. పైగా కిలోకు ఇంతే వచ్చే కాయకు బాడిగ ఎవరు కడతారు?"

అప్పుడు లెక్క అడిగినారు. చెప్పినా. నాకు రెండెకరాల తోపు, ఎనిమిది టన్నుల కాయ. దున్నకం, మందులు, కాపలా 30,000. కోతకూలి, బండి బాడిగ టన్నుకు 1,800, అంటే 14,400. మొత్తం ఖర్చు 44,400. 2025లో కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలన్నారు కదా. 12 పూర్తిగా చేతికొస్తే మిగిలేది 51,600. ఒట్టి 8 అయితే 19,600. ఏడాదికి! ఇంట్లోవాళ్ళ కష్టానికి కూలి ఇందులో వేయలేదు.

ఒక పిల్లోడు అడిగినాడు, "మామా, రేటు మీకు ఎప్పుడు తెలుస్తుంది?" అని. "కాయ కోసినాక, ఒక్కోసారి గేటు ముందర ట్రాక్టరు నిలబడినాక," అన్నా. పోయిన ఏటి గుజ్జు ఇంకా అమ్ముడుపోలేదంటారు, కాయ మాత్రం జూన్‌లో అందరిదీ ఒక్కసారే వచ్చి పడుతుంది. పండే కాయను వెనక్కి తెచ్చుకోలేం. వాళ్ళు నలుగురూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. కోల్డ్ స్టోరేజీ కాగితం మడిచి సంచిలో పెట్టేసి, కోతకు ముందే పది ఇరవై మంది రైతులు కలిసి టన్నులు, తేదీలు, రేటు రాయించుకునే పద్ధతి మీద కొత్తగా రాసినారు.

వాళ్ళ జట్టు మొదటి రౌండు దాటలేదు. దాటినా మన రేటు ఒక్కరోజులో పెరిగేది కాదు, పోటీలో చప్పట్లు వేరు, మండీలో కాటా వేరు. కానీ మా లెక్క కోసం వాళ్ళు గీసిన పట్టిక మా ఊర్లో ఉండిపోయింది. ఇప్పుడు పదకొండు మందిమి అదే పట్టికలో రాసుకుంటా ఉండాము. ఖర్చెంతో రాసి చూపించలేని రైతుతో బేరం ఆడేవానికి చానా సులువు.

మనలో చానామంది బయటివాళ్ళకు లెక్క చెప్పరు. అప్పు చెప్తే పరువు పోతుందని కొందరు, పంట బాగుందంటే దిష్టి తగుల్తుందని కొందరు. అట్ల దాచిపెడితే చదువుకున్న పిల్లోళ్ళకు తప్పు కేసు దొరుకుతుంది, తప్పు కేసుకు తప్పు జవాబే వస్తుంది. రేపు ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో కూర్చుని మన కాయకు రేటు కట్టేది ఈ పిల్లోళ్ళే.

అందుకే రెండు మాటలు. మీ ఇంట్లో బిడ్డ ఇట్లాంటి పోటీకి పోతానంటే, ముఖ్యంగా ఆడబిడ్డ అడిగితే, "ఎందుకు దండగ" అనొద్దండి. బస్సు చార్జీ ఇచ్చి పంపండి. మీ తోపుకొచ్చి అడిగితే నిజమైన లెక్క చెప్పండి. పూత మందు కొట్టకముందే ఒక నోటుబుక్కు కొనుక్కోండి. పట్టిక కావాలన్నోళ్ళు కింద రాయండి, ఫొటో పెడతా.