బండికి బలం మందు

మనిషి కాస్త నీరసంగా కనిపిస్తే చాలు, చుట్టుపక్కల ప్రతివాళ్లూ ఓ టానిక్ పేరు చెబుతారు. బండి నీరసంగా ఉందన్నా అంతే. గోదావరిఖనిలో ఏ మెకానిక్ షెడ్డు ముందైనా ఓ పావుగంట నిలబడి చూడండి. ‘చిప్ పెట్టించన్నా, ఎగిరిపోతది’ అంటాడొకడు. ‘చిప్పెందుకు, రీమ్యాప్ చేయించు’ అంటాడింకొకడు. టీ తాగడానికి వచ్చినవాడు కూడా ఓ సలహా పడేసి పోతాడు. సలహాకి జీఎస్టీ లేదు కదా!

మా ఇంట్లో ఈ టానిక్ చర్చ నెల రోజులు నడిచింది. నేను సింగరేణి ఓపెన్‌కాస్టులో డంపర్లు బాగుచేసే ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. నిండా సర్వీసు చేసి, నా కాళ్ల మీద నేను నడుచుకుంటూ బయటికొచ్చాను. అది అదృష్టమే. కాకపోతే సర్వీసులో ఉండగా చనిపోతేనో, మెడికల్ అన్‌ఫిట్ అయితేనో తప్ప కొడుక్కి కొలువు రాదు. అందుకని మావాడి లెక్కలో నాది సగం అదృష్టమే! వచ్చిన డబ్బులో కొంత ముందు కట్టి, మిగతాది ఫైనాన్స్ పెట్టి వాడికో పికప్ కొనిచ్చాను. సుల్తానాబాద్ రైస్ మిల్లుల నుంచి గోదావరిఖని దుకాణాలకు బియ్యం బస్తాలు తోలుతాడు.

ఓ రోజు అన్నం ముందు కూర్చుని అన్నాడు. “బాపూ, బండి గుంజుతలేదు. ఎత్తు వస్తే సెకండ్ గేరే. చిప్ పెట్టిస్తే పాతిక శాతం బలం పెరుగుతదంట. పద్దెనిమిది వేలు.”

పద్దెనిమిది వేలంటే మాకు ఒక కిస్తీ కన్నా ఎక్కువ. అందుకే కాదనకుండా, ఔననకుండా, అసలు బజార్లో ఉన్న మందులేమిటో ఒక్కొక్కటీ కూర్చుని చూశాం.

మొదటిది మా కాలం నాటి పద్ధతి, పంపు పెంచడం. పాత డీజిల్ బండ్లలో పంపు మీద ఓ స్క్రూ ఉంటుంది. అది తిప్పితే ఇంజిన్‌లో డీజిల్ ఎక్కువ పడుతుంది. బలమూ పెరుగుతుంది, వెనకాల నల్లపొగా పెరుగుతుంది. ఇప్పటి కామన్ రైల్ బండ్లలో అలా తిప్పడానికి స్క్రూ లేదు. డీజిల్ ఎప్పుడు పడాలో, ఎంత పడాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చెబుతుంది. ఇంజెక్టర్లకు వెళ్లే ముందు డీజిల్ నిలిచే గొట్టమే కామన్ రైల్. అందులో పీడనం వెయ్యి బార్లు దాటుతుంది. కారు టైర్లో మనం కొట్టించే గాలి రెండు బార్ల పైచిలుకు. తేడా మీరే ఊహించుకోండి.

రెండోది మావాడు అడిగిన చిప్, అంటే ట్యూనింగ్ బాక్స్. ఆ గొట్టంలో పీడనం కొలిచే సెన్సర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య దీన్ని తగిలిస్తారు. ఇది చేసే పని ఒక్కటే, అబద్ధం చెప్పడం. ‘పీడనం తక్కువుంది’ అని కంప్యూటర్‌కి కబురు పంపుతుంది. పాపం అది నమ్మి పీడనం పెంచుతుంది. డీజిల్ ఎక్కువ పడుతుంది.

మూడోది రీమ్యాప్. ల్యాప్‌టాప్ తగిలించి కంప్యూటర్‌లో ఉన్న లెక్కలనే మార్చేస్తారు. పని తెలిసినవాడు చేస్తే బాక్సు కన్నా ఇదే పద్ధతైనది. డీజిల్, టర్బో గాలి, టైమింగ్ మూడింటినీ ఒకదానికొకటి సరిపోయేలా మార్చొచ్చు. నాలుగోది పెడల్ బాక్స్. దీంతో బలం రవ్వంత కూడా పెరగదు. యాక్సిలరేటర్ కొంచెం తొక్కినా గట్టిగా తొక్కినట్టు కంప్యూటర్‌కి చెబుతుంది. బండి చురుగ్గా అనిపిస్తుంది, అంతే.

ఇవన్నీ మోసాలని నేననను. బాక్సుతోనైనా, రీమ్యాప్‌తోనైనా బలం పెరిగే మాట నిజమే. మావాడి ప్రశ్న కూడా న్యాయమైనదే. “మరి కంపెనోళ్లు అంత బలం ఎందుకు దాచిపెట్టిండ్రు బాపూ?”

“మీ అవ్వ గాబులో నాలుగు సోలల బియ్యం ఎప్పుడూ ఎందుకుంచుతది బిడ్డా? గందుకే” అన్నాను.

ఇంజిన్ తయారుచేసేవాడు మంచులో తిరిగే బండికీ, రామగుండం ఎండలో తిరిగే బండికీ కలిపి లెక్క వేస్తాడు. మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సుమారు 6 శాతం పల్చగా ఉంటుంది. అంటే ఇంజిన్‌కి ఊపిరి ఆ మేరకు తక్కువ. ఊపిరి తగ్గిన చోట డీజిల్ పెంచితే అది పూర్తిగా కాలదు. మసి పెరుగుతుంది, సైలెన్సర్ వైపు వెళ్లే వేడి పెరుగుతుంది. ఆ వేడి ముందు తగిలేది పిస్టన్‌కీ, టర్బోకీ. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ బండ్లలో అయితే పొగను శుద్ధిచేసే సరంజామా కూడా ఉంది. మసి పెరిగితే అది మూసుకుపోతుంది. ఇక వారంటీ సంగతి సరేసరి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన కొలతలు మారేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది.

అన్నిటికన్నా నన్ను ఆపింది ఇంకొకటి. ఏ బాక్సూ బ్రేకుల బలం పెంచదు. కమాన్ పట్టీలకు, టైర్లకు దాంతో సంబంధమే లేదు. రాజీవ్ రహదారి మీద బొగ్గు టిప్పర్లు, బూడిద లారీల మధ్య తిరిగే బండికి ఉరకడం కన్నా ఆగడం ముఖ్యం.

అలాగని ‘వద్దు’ అని ఊరుకుంటే మావాడు ఊరుకుంటాడా? డంపర్ గుంజడం లేదని ఆపరేటర్ చెబితే మేము ముందు చూసేది గాలి దారి. గనిలో దుమ్ము అలాంటిది మరి. ఆదివారం పొద్దున్నే ఇద్దరం పికప్ బానెట్ ఎత్తాం. ఎయిర్ ఫిల్టర్ తీసి కింద తడితే గుప్పెడు దుమ్ము రాలింది, సిమెంటో బూడిదో బొగ్గో చెప్పడం కష్టం. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు పైపు జాయింటు దగ్గర నూనె మరక కనిపించింది. ఇంజిన్ రేజ్ చేసి చెవి పెడితే సన్నగా ‘స్‌స్‌స్’ మంటోంది. క్లిప్పు వదులై, టర్బో నొక్కిన గాలి అక్కడే బయటికి పోతోంది. కొత్త ఫిల్టర్, కొత్త పైపు, క్లిప్పులు, టైర్లలో సరైన గాలి అన్నీ కలిపి రెండు వేలు దాటలేదు. ఖాళీ బండి హాయిగా పరిగెత్తింది.

లోడు వేశాక మాత్రం ఎత్తు దగ్గర మళ్లీ మూలిగింది. “ఎన్ని బస్తాలేస్తున్నవురా?” అనడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత “తొంభై” అన్నాడు.

పాతిక కిలోల బస్తాలు తొంభై అంటే 2,250 కిలోలు. బండి మోయగలదని పుస్తకంలో రాసింది 1.7 టన్నులు. అంటే 68 బస్తాలు. మిగతా 22 బస్తాలు ఆ 75 హార్స్ పవర్ ఇంజిన్ నెత్తిన పెట్టి, అది మూలుగుతోందని మందు వెతుకుతున్నాం.

“అరవై ఎనిమిదేస్తే కిస్తీ ఎట్ల కట్టాలె బాపూ? కిరాయి బస్తా లెక్కనే ఇస్తరు. నేను ఏయకుంటే ఏసేటోడు ఎనుకనే ఉన్నడు.”

ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. నెల రోజులుగా మేము ఇంజిన్ గురించి మాట్లాడుకుంటున్నాం అనుకున్నాను. వాడు మాట్లాడింది మొదటి నుంచీ కిరాయి గురించి. బస్తాకి వచ్చే రూపాయలు సరిపోక బస్తాలు పెంచాడు, బస్తాలు పెరిగి బండి గుంజక చిప్ అడిగాడు. పద్దెనిమిది వేలు పోసి చిప్ పెట్టిస్తే రేపు తొంభై కాస్తా వంద అవుతుంది. కిరాయి ఇచ్చేవాడికి లాభం, అరిగేది మా బండి.

ఇద్దరం కాగితం పెట్టుకుని లెక్క వేశాం. 68 బస్తాలతో ట్రిప్పుకి దాదాపు నాలుగో వంతు కిరాయి పోతుంది. డీజిల్ కొంత కలిసొస్తుంది, టైర్లు, బ్రేకులు ఎక్కువ కాలం వస్తాయి. అయినా లోటు పూడదు. లోటు ఉన్నది తిరుగు ప్రయాణంలో అని మావాడే పట్టుకున్నాడు. గోదావరిఖని నుంచి సుల్తానాబాద్‌కి ఖాళీగానే పోతున్నాడు. మా కాలనీల్లో రిటైరైన వాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి సొంతూళ్లకు సామాన్లు తోలుకుపోవడం మామూలే. పెద్దపల్లి వైపు పోయే అలాంటి సామాను దొరికితే తిరుగు డీజిల్ ఖర్చు గట్టెక్కినట్టే. నాకు తెలిసిన పాత సోపతిగాళ్లందరికీ వాడి ఫోన్ నంబరు ఇచ్చాను.

బస్తాలు తగ్గించేసరికి మిల్లు గుమస్తా అలిగాడు. మూడు రోజులు వేరే బండికి లోడు ఇచ్చాడు. నాలుగో రోజు మళ్లీ పిలిచాడు. నెలకి నాలుగైదు సార్లు తిరుగు సామాను దొరుకుతోంది. ఒక్కో నెల కిస్తీ తేదీకి ఇంకా ఇబ్బందే. ఆ నెల పెన్షన్‌లోంచి నేను కొంత కలుపుతాను. కానీ రాత్రి పది దాటినా వాడు రాకపోతే, వాళ్లమ్మ ఇదివరకట్లా గుమ్మంలో నిలబడటం లేదు.

బలం మందు కొనాలనుకునే డ్రైవర్ తమ్ముళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ముందు ఫిల్టర్ విప్పి చూడండి, తర్వాత పైపులు చూడండి, ఆ తర్వాత ధర్మకాంటా ఎక్కి బరువు చూడండి. అప్పటికీ బలం చాలదనిపిస్తే మీ పనికి కావాల్సింది పెద్ద బండేమో ఆలోచించండి.

మావాడు ఇప్పటికీ ఫోన్‌లో చిప్ వీడియోలు చూస్తూనే ఉంటాడు. చూడనివ్వండి. చూడ్డానికి కిస్తీ లేదు కదా!