తుమ్మకాయలు రాలే నెలలు

తాహా సూరా 18వ ఆయతు పాఠంలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) చేతికర్ర ప్రస్తావన వస్తుంది. ఆ కర్రతో ఆయన తన గొర్రెలకు ఆకులు రాల్చేవారు. పట్టణాల నుండి వచ్చిన విద్యార్థులు ఇక్కడ ఆగిపోతారు. గొర్రె మేసేది గడ్డి కదా, చెట్టు ఆకులెందుకని వారి సందేహం. అనంతపురం జిల్లా పల్లెల పిల్లలకు ఆ సందేహం రాదు. వేసవిలో వారి ఇంటి చూరుకు దోటికర్ర ఆనించి ఉంటుంది. ఈ ఒక్క ఆయతుకు వివరణ నాకంటే వారే బాగా చెబుతారు.

అయినా ప్రశ్న సబబైనదే. మేక తల పైకెత్తి మేస్తుంది, గొర్రె తల దించి మేస్తుంది. కాని ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ సీమలో ఫిబ్రవరి దాటితే బీళ్లలో గడ్డి మిగలదు. వేరుశనగ కట్టెను రైతు తన ఎద్దుల కోసమే వామి వేసుకుంటాడు. జూన్ వానల దాకా మందను నిలిపేవి నల్లతుమ్మ, జమ్మి, నేలరేగు. వీటి వేళ్లు లోతుకు దిగుతాయి. నల్లతుమ్మ కాయ ఈ కరవు నెలల్లోనే పండి రాలుతుంది. రేగుముళ్ల నడుమ నుండి ఆకును పెదవులతో ఒడిసి తీసే గొర్రె నేర్పు చూడవలసిందే!

సర్కారు తుమ్మ సంగతి వేరు. దాని పచ్చి ఆకును గొర్రె ముట్టదు, తీయని కాయను మాత్రం విడిచిపెట్టదు. నిత్యం అదే మేపితే కడుపు చెడుతుంది. పైగా దాని గింజలు అరగక పెంటికలతో బయటపడి, మంద తిరిగిన చోటల్లా మొలుస్తాయి. సుబాబుల్ ఆకు బలమైనదే, అయితే మేతలో మూడోవంతు మించితే బొచ్చు రాలుతుంది. నల్లతుమ్మకు వగరు ఎక్కువ గనుక దానితోపాటు కొంత ఎండుమేత, కడుపునిండా నీరు ఉండాలి.

మా మద్రసాకు ఊరి వెలుపల ఆరెకరాల వక్ఫ్ భూమి ఉంది. సేద్యానికి పనికిరాని రాతినేల, నిండా తుమ్మలు, రేగుపొదలు. నిరుడు బొగ్గు వ్యాపారి ఒకరు వచ్చి మొత్తం నరుక్కుంటానన్నారు. ఆ సొమ్ముతో కారుతున్న పైకప్పు బాగుచేయవచ్చని కమిటీలో పలువురు భావించారు. వారి మాటను తేలికగా తీసివేయలేము. వాన పడిన రాత్రి పడకలు చుట్టుకొని మూలకు చేరే పిల్లలను నేనూ చూస్తున్నాను. కాని ఏటా వేసవిలో ఆ పొదలను నమ్ముకొని నాలుగైదు చిన్న మందలు బ్రతుకుతాయి. పదిహేను, ఇరవై గొర్రెలున్న ఇళ్లవి. మే నెలలో బక్కచిక్కిన గొర్రెను అయినకాడికి అమ్ముకున్నవాడు వానలు వచ్చాక మళ్లీ కొనలేడు.

ఆ సమావేశంలో నేను హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) కాలంనాటి ‘హిమా’ను గుర్తుచేశాను. హిమా అంటే ఉమ్మడి ప్రయోజనానికై కాపాడి ఉంచిన మేతభూమి. దాని పర్యవేక్షణకు హునై అనే వ్యక్తిని నియమిస్తూ, కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు ఉన్నవారిని లోనికి రానివ్వమనీ, ఇబ్ను ఔఫ్, ఇబ్ను అఫ్ఫాన్ వంటి సంపన్నుల మందల విషయంలో జాగ్రత్త వహించమనీ ఆయన ఆదేశించారు. సంపన్నుని మంద నశిస్తే అతనికి ఖర్జూర తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని మంద నశిస్తే అతడు బిడ్డలతో వచ్చి ఖలీఫా వాకిట నిలుస్తాడు. అప్పుడు వెండి బంగారాలు ఇవ్వడం కన్నా ఇప్పుడు గడ్డి, నీరు ఇవ్వడమే సులభమన్నది ఆయన యోచన. సహీహ్ బుఖారీలో ఉన్న ఉల్లేఖనమిది.

ఒక సభ్యుడు న్యాయమైన అభ్యంతరమే లేవదీశారు. పచ్చికలో అందరికీ భాగముందన్న హదీసు ఉన్నప్పటికీ, కాండం గల చెట్లను ఫుఖహాలు పచ్చికగా లెక్కించలేదు. మరి వక్ఫ్ చెట్ల ఆకును ఉచితంగా ఎలా ఇస్తామని అడిగారు. మేతకు బదులుగా కాపరులు వారానికి రెండు రాత్రులు మద్రసా కూరగాయల మడిలో మంద కట్టాలని నిశ్చయించాము. ఎరువు ఖర్చు తప్పింది.

బొగ్గు వ్యాపారికి సర్కారు తుమ్మ మాత్రమే దక్కింది. తక్కిన చెట్లపై గొడ్డలి పడరాదు, దోటికర్రకు అందినంతే. పక్క ఊరి నుండి రెండు వందల గొర్రెల ఆసామి ఒకరు పెద్ద చందాతో వచ్చారు. చిన్న మందలు మేశాక ఆకు మిగిలితే కబురు చేస్తామని చెప్పి పంపాము. మిగలలేదు.

వచ్చిన సొమ్ముతో పైకప్పు ఒకవైపు బాగైంది. రెండోవైపు గది పిల్లలు ఈ వానాకాలం కూడా వరండాలోనే పడుకుంటారు.