మిద్దె మీద నాలుగు కుండీలు

2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు, మహానందిలో మా మిద్దె మీద నాలుగు కుండీల్లో విత్తనాలు వేశాను. అంతకుముందు నేను పెంచిన మొక్క మనీప్లాంట్ ఒక్కటే, అదీ ఆఫీసు డెస్కు మీద.

మాది నీళ్లకు కొదవలేని ఊరు. సీమంతా ఆకాశం వైపు చూస్తున్నా ఇక్కడ కోనేట్లో ఊట ఆగదు. గుళ్లోంచి బయటికొచ్చిన నీరు అరటి తోటలకు పారుతుంది. ఆ ధీమాతో పొద్దునా సాయంత్రం కుండీల నిండా పోశాను. మూడు వారాలకే కింది ఆకులు పచ్చబడ్డాయి. నీళ్లు చాల్లేదేమోనని ఇంకో చెంబు. పక్కింటి పెద్దాయన, అరటి రైతు, మట్టిలో వేలు గుచ్చి చూసి "ఊపిరాడక చస్తాంది రా అబ్బీ. రవ్వంత దప్పిక కానీ, అప్పుడే వేరు కిందికి దిగుతాది" అన్నాడు. (కుండీ అడుగున బెజ్జం ఉంది. దానికి పెట్టిన ప్లాస్టిక్ బిళ్ల నేను తీయలేదు.)

పూత వచ్చింది, సగం రాలింది. ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవడం కష్టం, సిమెంటు మిద్దె మీద ఇంకా కష్టం. ఈ పువ్వుకు తన పుప్పొడే చాలు, కాకపోతే ఎవరైనా కదిలించాలి. పొలంలో గాలీ తేనెటీగలూ చేసే ఆ పనిని నేను ఫోన్ మ్యూట్‌లో పెట్టి, కొమ్మల్ని గోటితో మీటుతూ చేశాను. పన్నెండు కాయలు నిలిచాయి. నాలుగు రోజులు బెంగళూరు ఆఫీసుకు వెళ్లొచ్చేసరికి ఐదింటి అడుగున నల్ల మచ్చ. మట్టిలో కాల్షియం ఉన్నా, ఒకరోజు తడీ నాలుగురోజులు ఎండూ అయితే అది కాయ దాకా చేరదట.

సెప్టెంబరు చివర్లో మొదటి పండు కోసి ఇస్తే అమ్మ నవ్వింది. "అంగట్లో కిలో పది రూపాయలు." ఆ నెలలోనే పత్తికొండలో ధర లేక రైతులు కాయల్ని రోడ్డు పక్కన పారబోశారు. నారు నాటిన రెండు నెలలకు గానీ మొదటి కోత రాదు. వంద చూసి నాటినవాళ్లందరి పంటా ఒకేసారి మార్కెట్‌కు వస్తుంది. నాదీ అప్పుడే వచ్చింది.

కొన్నేళ్ల క్రితం ఒక సీమ కథ మీద సమీక్ష రాశాను. పోయినేడు పంట పారబోసిన రైతు మళ్లీ టమాటా నారుకే బయల్దేరడం పాత్రకు తర్కం లేకపోవడమేనని తీర్పు చెప్పాను. ధర చూసుకోడా అని నా ప్రశ్న. చూశాడు కాబట్టే వెళ్లాడని తట్టలేదు. ఆ రాత్రి కథ మళ్లీ తీశాను. ధర అందులోనే ఉంది, నర్సరీవాడి నోట, ఒక్క వాక్యంలో. తర్వాతి పేరాలో బోరు అప్పు కూడా ఉంది. రెండూ చదివి దాటేశానన్నమాట.

నాకు కుండీలు, కొబ్బరిపొట్టు, ఎరువు కలిపి 1,400 రూపాయలు పోయాయి. జీతం ఒకటో తేదీకే పడింది.

మచ్చ పడ్డ ఐదు కాయల్నీ అమ్మ పారేయలేదు. నల్లటి భాగం కోసేసి, పచ్చిమిరపకాయలు వేసి పచ్చడి నూరింది.