రాదన్నా వినలేదు

విదేశీ కారు కొన్నవాళ్లంతా నమ్మకమైన మెకానిక్ దొరకడం లేదని వాపోతుంటారు. నాకు దొరికాడు. ఆయన మాటే నేను వినలేదు.

బండి ఆత్మకూరులో సుజుకీ కిజాషి పేరు చాలామంది నా దగ్గరే మొదట విన్నారు. వాళ్లు అంతకుముందు వినకపోవడంలో వింతేం లేదు. 2011లో మారుతీ వాళ్లు దాన్ని జపాన్‌లో పూర్తిగా తయారైన బండిగానే తెప్పించి 16 లక్షల పైచిలుకు ధర పెట్టారు. మారుతీ షోరూంలో కొనే బండికి అంత డబ్బా అని జనం మొహం తిప్పుకున్నారు. మూడు నాలుగేళ్లకే అమ్మకం ఆగిపోయింది. బండి మాత్రం తక్కువది కాదు. 2.4 లీటర్ల పెట్రోల్ ఇంజిను, 178 పీఎస్ శక్తి. నా అసలు మోజు లాన్సర్ ఎవల్యూషన్ మీద. అది నాకు అందని పండు. పోనీ జపాన్‌లో వాడిన పాత బండి తెప్పించుకుందామంటే, మూడేళ్లు దాటిన కారును మన దేశంలోకి రానివ్వరు, వచ్చినదానికి కట్టే సుంకాలు బండి ధరను మించిపోతాయి. ఆ లెక్కలు చూసుకున్నాక, చిన్న కారు డబ్బుకు చేతులు మారుతున్న పాత కిజాషి మీద మనసు పడింది.

నేను కొన్నది సీవీటీ రకం. అందులో మామూలు గేర్లుండవు. రెండు కప్పీల మధ్య ఒక ఉక్కు బెల్టు తిరుగుతుంది. ఒక్కో కప్పీ గాడి సందు పెరిగి తగ్గేకొద్దీ వేగం మారుతుంది. ఆ బెల్టుకు పళ్లు లేవు. ఆయిల్ ప్రెషర్‌తో కప్పీ రెండు పక్కల నుంచీ బిగపడితేనే దానికి పట్టు. అందుకని అందులో పోసే ఆయిల్ అరుగుదలను ఆపాలి, ఉక్కు మీద ఉక్కు జారిపోకుండానూ చూడాలి. మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే ఏటీఎఫ్ అనే ఆయిల్ క్లచ్ పలకల కోసం చేసింది, ఆ పట్టు ఇవ్వదు. ఇదంతా డబ్బు పోయాక వచ్చిన చదువు.

మొదట్లో చెప్పిన నమ్మకమైన మెకానిక్ భాయే, నంద్యాలలో ఆయన షెడ్డుంది. మా నాయన కాలంనాటి ట్రాక్టరు దగ్గర్నుంచి బొలేరో దాకా మావన్నీ ఆయన చేతి మీద నడిచినవే. మార్చిన పార్టు పాతది గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టి ఇచ్చే మనిషి. కిజాషి తీసుకుపోయి గేర్ ఆయిల్ మార్చమంటే చుట్టూ తిరిగి చూసి, "ఇది నాకు రాదు నాయనా. ఈ డబ్బా నేనెప్పుడూ ఇప్పింది లేదు. హైదరాబాద్‌లో ఎవరినన్నా అడుగు" అన్నాడు.

"నీకు రాని బండి యాడుంది భాయ్! ఆయిలే కదా."

"ఏ ఆయిలో చెప్పు మరి."

ఆ ఆయిల్ పేరు మాన్యువల్‌లో అచ్చయి ఉంది. మాన్యువల్ ముందరి అరలో ఉంది. తీసి చూడ్డానికి బద్ధకించి, "ఆటోమేటిక్‌కు పోసేదే పోయ్" అన్నాను. ఆయన అలాగే చేశాడు. ఇన్నేళ్ల పరిచయంలో ఆయన మా మాట కాదన్నది లేదు, ఆ చనువును నేనలా వాడుకున్నాను.

కొన్నాళ్లు బాగానే తిరిగింది. ఒకరోజు గిద్దలూరు పోతూ నల్లమల ఘాట్ ఎక్కుతుంటే ఇంజిను ఊరికే అరుస్తోంది, ఆర్‌పీఎం ముల్లు పైకి పోతోంది, బండి మాత్రం ముందుకు పోవడం లేదు. కింద నుంచి సన్నగా ఈల లాంటి చప్పుడు. అక్కడైనా ఆపేసి ఉంటే నష్టం తగ్గేది. ఘాట్ దాటితే సర్దుకుంటుందిలే అని తొక్కాను, చూడండి, ఆ తెలివికి పేరేం పెట్టాలో!

తర్వాత ఫోన్లు మొదలుపెట్టాను. "కిజాషి తెలిసిన మెకానిక్ ఎవరు?" అనేదే నా ప్రశ్న. అన్ని బండ్లూ తెలుసన్నవాళ్లకు కొదవ లేదు. ఒకాయన బండి చూడకుండానే ధర చెప్పేశాడు. ఇంకొకాయన ఆటోమేటిక్‌లన్నీ ఒకటే అన్నాడు. నేను భాయ్‌తో అన్న మాటే నాకు తిరిగొచ్చింది. చివరికి హైదరాబాద్‌లో ఒకతను నన్నే ప్రశ్నలు వేశాడు. ఏ ఆయిల్ పోశారు? పోశాక ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? చప్పుడు రివర్సులోనూ వస్తోందా? అన్నీ విని, "ఇక స్టార్ట్ చేయకండి, క్యారియర్ మీద పంపండి" అన్నాడు. కిజాషి ఇంతవరకు చేయలేదని కూడా చెప్పాడు. కానీ అందులో ఉన్నది జాట్కో వాళ్ల జేఎఫ్011ఈ గేర్‌బాక్సు. ఆ కాలపు మిత్సుబిషి ఔట్‌ల్యాండర్‌లోనూ అదే కుటుంబం. ఔట్‌ల్యాండర్లవి చాలా విప్పాడట. అంతకాలం నేను బండి పేరు పట్టుకుని వెతికాను. వెతకాల్సింది గేర్‌బాక్సు పేరు పట్టుకుని. ఇంజినుకూ అంతే. అదే 2.4 లీటర్ల ఇంజిను గ్రాండ్ విటారాలో వచ్చింది కాబట్టి దాన్ని చేసినవాళ్లకు ఇది కొత్త కాదు.

కింది పాన్ ఇప్పి అయస్కాంతాలు చూపించాడు. బూడిదరంగు మెత్తటి పేస్టయితే మామూలు అరుగుదల అనుకోవచ్చట. నాదానిలో వేలికి గుచ్చుకునే పలుకులు. కప్పీ మీద గీతలు కంటికే కనిపిస్తున్నాయి. వాడిన గేర్‌బాక్సు వెతికి వేయడమా, ఉన్నదానికే కప్పీలూ బెల్టూ మార్చడమా అని రెండు లెక్కలు రాసిచ్చాడు. రెండోదానికే ఒప్పుకున్నాను. ఆ మొత్తం ఇంట్లో ఇంకా పూర్తిగా చెప్పలేదు.

భాయ్ మంచివాడు కాబట్టి ఆయన చేస్తే చాలనుకున్నాను. చిత్తశుద్ధి ఒకటి, ఆ పని రావడం వేరొకటి. తనకు రాదని ముఖం మీదే చెప్పిన మనిషిని మొహమాటపెట్టి చేయించాను. మూడో మనిషెవరైనా ఈ కథ వింటే మెకానిక్ బండి పాడుచేశాడనే అంటారు. మొదట్లో నేనూ ఒకరిద్దరితో అలాగే అన్నాను, అది ఆయన చెవిన పడింది కూడా. ఆయిల్ మార్చినందుకు తీసుకున్న కూలీ తిరిగిచ్చి పంపాడు. నేను తీసుకోలేదు, షెడ్డుకు పోయి జరిగింది జరిగినట్టు చెప్పుకున్నాను.

ఇప్పుడు ఇంజిన్ ఆయిలు, బ్రేకులు, సస్పెన్షన్ పనులు భాయ్‌వే. గేర్‌బాక్సు వరకు హైదరాబాద్. మాన్యువల్‌లోని ఆయిళ్ల పేజీ జిరాక్సు తీయించి ఆయనకిచ్చాను. దాన్ని గోడకు అంటించి, పక్కన ఉర్దూలో ఏదో రాసుకున్నాడు. ఏం రాశావని అడిగితే, "నీ పేరే రాసినా" అని నవ్వాడు.