బిగింపు

మా ఇంటి వసారాలో నాలుగడుగుల గాజు తొట్టి ఒకటి ఉన్నది. అది మా తండ్రిగారిది. ఉపాధ్యాయ వృత్తి నుండి విరమించిన పిమ్మట వారు దానిని స్వహస్తాలతో అమర్చుకొని అయిదు బంగారు చేపలను పెంచారు. పై తొట్టి నీరు అంచు దగ్గరి రంధ్రం గుండా పి.వి.సి. గొట్టంలో క్రింది తొట్టికి దిగుతుంది. అక్కడ స్పాంజిని, గులకరాళ్ళను దాటి, చిన్న మోటారు సాయంతో తిరిగి పైకి చేరుతుంది. వారు గతించిన తరువాత ఆ తొట్టి పోషణ మా వంతైనది. పద్యాలు బోధించుకొనే మాకు గొట్టాల సంగతి ఏమి తెలుసు?

తెలియదని గ్రహించినా బాగుండేది. ఒకనాడు గొట్టం మలుపు వద్ద చుక్క చెమ్మ కనిపించగా, పానా పట్టి బలమంతా వినియోగించి ఎల్బోను బిగించాము. చెమ్మ ఆగినది. మమ్ము మేమే మెచ్చుకున్నాము. మూడు మాసాలు గడిచాక, వేసవి సెలవులలో, ఆ ఎల్బో నిలువునా వెంట్రుకవాసి చీలినది. క్షణంలో అంటుకొనే జిగురు తెచ్చి పైన పూసి, నిశ్చింతగా నిద్రించాము.

తెల్లవారేసరికి వసారా అంతా నీరు. క్రింది తొట్టి ఎండిపోయి మోటారు ఆగిపోయినది. పారుదల లేని వెచ్చని నీటిలో ప్రాణవాయువు తగ్గి, చేపలు నీటిపైకి నోళ్ళు తెరుస్తున్నాయి. మా తండ్రిగారు 'బడేమియా' అని పిలుచుకొన్న పెద్ద చేప మాత్రం కదలలేదు.

"అబ్బా, దాదా చేప ఎందుకు చచ్చిపోయింది?" అని మా చిన్నారి అడిగినది. జిగురు మంచిది కాదని చెప్పాము.

జంతుశాస్త్ర అధ్యాపక మిత్రులు పరుగున వచ్చి, గాలి యంత్రం పెట్టించారు. మేము రాళ్ళను కొళాయి క్రింద కడగబోతుంటే వారించారు. చేపల విసర్జనలలోని అమ్మోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఆ రాళ్ళనే ఆశ్రయించి ఉంటాయట. కొళాయి నీటి క్లోరిన్ వాటిని చంపుతుందట. తొట్టి నీటితోనే రాళ్ళను తడుపుతూ కాపాడాము.

మధ్యాహ్నం వచ్చిన ప్లంబరు ఉస్తాద్ వయోవృద్ధుడు. ఎల్బోను వెలుతురుకు పట్టి చూచి, "జిగురు తప్పేమీ లేదు సార్. దీన్ని ఎవరో పానాతో పిండేశారు" అన్నాడు. మర మేకువంటిదట. బిగించిన కొద్దీ లోపలిది బయటిదానిని చీల్చజూస్తుంది. ప్లాస్టిక్ వెంటనే చెప్పదు. లోలోపల ఓర్చుకొని, ఓర్చుకొని, ఒకనాడు విచ్చుకుంటుంది. ఆ ఒత్తిడి ఉండగా పైపై జిగురు నిలువదు. గొట్టాల సొల్యూషన్ సంగతి వేరు. అది అతుకబోయే రెండు తలాలనూ కొంత కరిగించి ఒకటి చేస్తుంది. ఐతే విచ్చిన మరను తిరిగి మూయలేదు. చీలిన ఎల్బోను మార్చవలసిందే.

అతడు గొట్టం కోసి కొత్త ఎల్బో అమర్చాడు. ఇక ముందు రంపం అవసరం లేకుండ నడుమ ఒక యూనియన్ వేశాడు. మరకు టెఫ్లాన్ టేపు మూడు చుట్లు చుట్టి, చేతితో తిప్పి, ఆపైన మరొక అర చుట్టు మాత్రమే బిగించాడు. తరువాత మిగిలిన అతుకులను తడిమి, "పెద్దసారు చెయ్యి మంచిది. ఒక్కదాని మీదా పానా పళ్ళ గుర్తు లేదు" అన్నాడు. మా పానా గుర్తులు పాత ఎల్బో మీద స్పష్టంగా కనబడుతూనే ఉన్నాయి. మేము తల యెత్తలేకపోయాము.

సొల్యూషన్ పూర్తిగా ఆరుటకు ఒక దినం విడిచి, మరునాడు నీరు వదిలాము. చుక్క కారలేదు. మిగిలిన నాలుగు చేపలూ బ్రతికాయి.

ఆ సాయంకాలం చిన్నారిని దగ్గరకు తీసుకొని, "తప్పు జిగురుది కాదమ్మా, అబ్బాది. ఎక్కువగా బిగించాను" అని చెప్పాము.

"మరి దాదా ఎంత బిగించేవారు?"

దాని చేతిని యూనియన్ మీద ఉంచి, మెల్లగా తిప్పించి, ఆగిన చోట "ఇంత" అన్నాము.

సెలవుల అనంతరం తరగతిలో ఛందస్సు చెప్పుతూ, గణవిభజన తప్పిన విద్యార్థి మీద గొంతు హెచ్చించబోయిన క్షణాన ఆ కొలత మాకు జ్ఞప్తికి వచ్చినది. పానాను క్రింద పెట్టాము.