ముప్పై కాపీలు ఉన్నాయనుకున్నాను

నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కంపెనీలో స్టోరేజ్ అడ్మినిస్ట్రేటర్‌ని. మా అమ్మాయి మన స్కూల్లోనే ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న క్లాసులో ‘మా నాన్న ఉద్యోగం’ గురించి మాట్లాడాలని నన్ను అడిగింది. ‘కంపెనీ లెక్కలు, ఫైళ్లు పోకుండా ఇంకో కాపీ దాచిపెడతాను’ అన్నాను. ‘ఎక్కడ దాస్తావు నాన్నా?’ అంది. రెండేళ్ల కిందట మా అమ్మ కూడా ఇదే అడిగింది. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు.

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు పైగా వేగంతో గాలులు. ఉద్దానం అంతటా కొబ్బరి, జీడిమామిడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. రోడ్డు మీద పడిన చెట్లు దాటుకుంటూ నేను ఇంటికి చేరేసరికి, పైకప్పు రేకులు ఎగిరిపోయిన గదిలో అమ్మ ట్రంకుపెట్టె నీళ్లలో ఉంది. అందులో నా టెన్త్ మార్కుల మెమో, పట్టాదారు పాసుపుస్తకం, చనిపోయిన నాన్న స్వయంగా రాసుకున్న జీడితోట లెక్కల పుస్తకం ఉన్నాయి. మొదటి రెండింటికి తర్వాత డూప్లికేట్లు తెచ్చుకున్నాం. నాన్న రాత మాత్రం చాలావరకు చెరిగిపోయింది.

ఇక ఆఫీసు సంగతి. రెండేళ్ల కిందట మా కంపెనీ బ్యాకప్‌ల కోసం డీడూప్లికేషన్ అప్లయన్స్ కొంది. దాన్ని అమర్చే పని నాకే ఇచ్చారు. పేరు పెద్దదే కానీ పని సులువుగా అర్థమవుతుంది. మా ఊళ్లో పెళ్లి వంటకి పెద్ద గుండిగ ప్రతి ఇంట్లోనూ ఉండదు. ఊరందరికీ ఒకటే ఉంటుంది; ఏ ఇంట్లో శుభకార్యం ఉంటే ఆ ఇంటివాళ్లు తెచ్చుకుంటారు. ఈ పెట్టె చేసేదీ అదే. వచ్చిన డేటాను చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ వేలిముద్ర లాంటి ఒక సంఖ్య లెక్కకడుతుంది. ఆ వేలిముద్ర ముందే ఉంటే ముక్కను మళ్లీ దాచదు, ‘ఇది ఫలానా చోట ఉంది’ అని గుర్తు మాత్రం రాసుకుంటుంది. రోజుకు 4 టెరాబైట్ల పూర్తి బ్యాకప్ అనుకోండి. 30 రోజులకు 120 కావాలి. కానీ రోజూ మారేది 5 శాతమే అయితే, మొదటి రోజు 4, మిగతా 29 రోజులకు కలిపి 5.8, అంటే 10 టెరాబైట్ల లోపే సరిపోతుంది.

మొదటి వారంలోనే ఒక పొరపాటు చేశాను. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో కంప్రెషన్, ఎన్‌క్రిప్షన్ రెండూ ఆన్‌లో వదిలేశాను. దాంతో నిన్నటి ఫైలు, ఈరోజు ఫైలు ఒకటే అయినా పెట్టెకు వేర్వేరుగా కనిపించాయి, స్థలం గబగబా నిండిపోయింది. డేటాను ఉన్నదున్నట్టు పంపి, ఎన్‌క్రిప్షన్ పెట్టెలోనే చేయించాక సర్దుకుంది.

ఆ ఉత్సాహంలో అమ్మకు ఫోన్ చేసి, ‘ముప్పై రోజులవీ ఉన్నాయమ్మా, ముప్పై కాపీలు’ అని గొప్పగా చెప్పాను.

‘అన్నీ ఒక పెట్టెలోనేనేటి? ఆ పెట్టె ఏ గదిలో ఉందిరా?’ అంది.

‘సర్వర్ల గదిలోనే.’

‘అయితే మన ట్రంకుపెట్టె లాగే గదేటి!’

నవ్వేసి ఫోన్ పెట్టేశాను కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజానికి అవి ముప్పై కాపీలు కావు. ఒకే కాపీ, దాన్ని చూపించే ముప్పై గుర్తులు. ఒక్క ముక్క పాడైతే దాని మీద ఆధారపడిన రోజులన్నీ పాడవుతాయి. గుండిగకు చిల్లు పడితే ఊళ్లో పెళ్లిళ్లన్నిటికీ ఇబ్బందే కదా. పైగా ఆ గదికి నీళ్లో నిప్పో వస్తే అసలూ, కాపీ రెండూ పోతాయి.

మర్నాడు అకౌంట్స్ సర్వర్‌ను ఆ పెట్టె నుంచి వెనక్కి తెచ్చి చూశాను. రెండు గంటలు పడుతుందనుకుంటే రాత్రంతా పట్టింది. చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని వెతికి మళ్లీ అతకాలి కాబట్టి ఆలస్యం. అప్పుడు పద్ధతి మార్చాం. చివరి 7 రోజుల బ్యాకప్‌లు త్వరగా తీసుకోవడానికి మామూలు డిస్కుల మీద, పాతవి ఈ పెట్టెలో, ఇంకో కాపీ హైదరాబాద్‌లోని రెండో పెట్టెలో. కొత్త ముక్కలే వెళ్తాయి కనుక ఆఫీసులో ఉన్న ఇంటర్నెట్ లైనే సరిపోయింది. గడువు తీరేదాకా ఎవరూ చెరపలేకుండా తాళం కూడా వేశాం. ప్రతి నెలా ఒక సర్వర్‌ను వెనక్కి తెచ్చి చూస్తున్నాం.

ఈ పని పెద్ద చదువు లేకుండానే అమ్మ ఎప్పుడో మొదలుపెట్టింది. తిత్లీ తర్వాత కాగితాలన్నిటికీ జిరాక్సులు తీయించి, ఒక సెట్టు టెక్కలిలో మావయ్య ఇంట్లో ఉంచింది. ఏటా వానలకు ముందు పెట్టె తెరిచి పట్టుచీరలతో పాటు కాగితాలూ ఎండలో ఆరబెడుతుంది.

మన పిల్లల ఫొటోలు, స్కూలు వేడుకల వీడియోలు చాలామందికి ఒక్క ఫోన్‌లోనే ఉన్నాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో సైజు తగ్గిపోతుంది. అది అసలుకు సమానమైన కాపీ కాదు. ఫోన్‌తో సింక్ అయ్యే గ్యాలరీలో, ఒకచోట చెరిపితే రెండోచోటా పోవచ్చు. అందుకే మా రంగంలో పాటించే 3-2-1 లెక్కే ఇంటికీ మంచిది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. ఫోన్ ఒకటి, హార్డ్ డిస్క్ ఒకటి, క్లౌడ్‌లోనో బంధువుల ఇంట్లోనో ఒకటి. సర్టిఫికెట్లకు డిజిలాకర్ కూడా ఉంది. ఏడాదికొకసారి అవన్నీ తెరిచి చూడండి.

నాన్న పుస్తకంలో చదవడానికి వీలున్న పేజీలు నాలుగే మిగిలాయి. మొన్న సెలవుల్లో మా అమ్మాయి వాటిని స్కాన్ చేసింది. ఇప్పుడవి విశాఖలో, హైదరాబాద్‌లో, టెక్కలిలో ఉన్నాయి. అసలు పుస్తకం అమ్మ దగ్గరే ఉంది.