దీనారం ఎవరిది?

కిందటి సంవత్సరం బి.ఏ. విద్యార్థులకు శ్రీనాథుని చాటువులు చెబుతున్నాను. ప్రౌఢదేవరాయల ముత్యాలశాలలో తనకు దీనారాలతో స్నానం చేయించారని కవి చెప్పుకొన్న పద్యం వచ్చింది. పద్యం చదివాను, సమాసాలు విడదీశాను, కనకాభిషేకం కథ చెప్పాను. అక్కడితో ఆగితే సరిపోయేది. కాని దీనారం అనే మాటమీద నాకు చాలాకాలంగా మోజు. సందు దొరికింది కదా అని రోము నగరానికి బయలుదేరాను.

క్రీస్తుపూర్వం 211 ప్రాంతంలో రోమువాళ్ళు దినారియస్ అనే వెండి నాణెం వేశారు. పది రాగి నాణేల విలువ కనుక దానికాపేరు. అది గ్రీకుల నోట నలిగి, ఓడలెక్కి, మన దేశం వచ్చి దీనారమైంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శాసనమొకటి ఒక మహాదేవి 170 దీనారి మాషకాలు దానమిచ్చినట్టు చెబుతుంది. గుప్తుల కాలానికి దీనారం బంగారమైంది. శ్రీనాథుని దీనారం రోము నాణెం కాదు. నాణెం చచ్చిపోయినా పేరు మాత్రం వెయ్యేళ్ళు బతికిందన్నమాట.

ఇంత చెప్పాక ఊరుకోలేక ప్లినీని కూడా ఎత్తుకొన్నాను. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చనిపోయిన రోమను పండితుడాయన. మన ఆంధ్రులకు ముప్పై ప్రాకారనగరాలూ, లక్ష కాల్బలమూ, వెయ్యి ఏనుగులూ ఉన్నాయని రాసినవాడు. ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియా లాక్కుపోతోందని ఏడ్చినవాడూ ఆయనే. నాలుగు సెస్టర్సులు ఒక దినారియస్. సిపాయికి ఏడాది జీతం 225 దినారియస్‌లు. బోర్డుమీద లెక్క వేశాను: 55 వేలమంది సిపాయిల జీతం! "ప్రపంచాన్ని ఏలిన రోము మనకు కప్పం కట్టింది," అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక వెనక బెంచీనుంచి ఒక కుర్రాడు లేచాడు. పొందూరు వైపువాడు, నేతపనివారి ఇంటి బిడ్డ. "అదంతా బాగుంది గాని మాస్టారూ, ఆ బట్ట నేసినోడికి ఏటి ముట్టింది?" అన్నాడు. క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. గంట కొట్టారు. నా నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతూనే ఉన్నాను.

ఆ ఆదివారం శాలిహుండం వెళ్ళాను. వంశధార దక్షిణపు ఒడ్డున, కళింగపట్నానికి కొంచెం ఎగువన ఉన్న కొండ అది. 1919లో ఆ శిథిలాలను లోకం దృష్టికి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. ప్రజలు మాట్లాడేదే భాష అని చెప్పిన ఆయన చూపు, ప్రజలు రాళ్ళగుట్ట అనుకొంటున్న చోట చరిత్రను పట్టుకొన్నది. ఈ రెండు పనులూ ఒక్కటేనని నాకు తోస్తుంది. కొండమీద స్తూపాల ఇటుకలూ చైత్యాల పునాదులూ మిగిలాయి. కింద వంశధార సముద్రానికి పోతూ ఉంటుంది. పడవలు ఈ దారినే వచ్చి ఉంటాయి. ఇంకా దక్షిణాన, భీమిలి దారిలో ఉన్న తొట్లకొండలో 1988 తర్వాత జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమను వెండి నాణేలు కూడా దొరికాయి. కనుక రోము మనకు పుస్తకంలోని సంగతి కాదు. మన మట్టిలో ఉన్నదే.

శాలిహుండంలో దొరికినవాటిలో ఒక రకం కుండపెంకులున్నాయి. సన్నని మట్టి, నున్నని మెరుగు, లోపల చక్రంతో నొక్కిన చుక్కల వరుసలు. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వించిన వీలర్ దొర, ఇంత నాజూకు పని మధ్యధరా తీరంనుంచి వచ్చినదే అనుకొన్నాడు. చాలామంది అదే నమ్మారు. తరువాత ఆ మట్టిని పరీక్షించి చూస్తే అది ఇక్కడి మట్టే. చేతులూ ఇక్కడి కుమ్మరివాళ్ళవే. పనితనం కనిపిస్తే అది రోముది, పెంకు కనిపిస్తే అది మనది! చేసినవాడి పేరు లేకపోతే కీర్తి ఎవరి ఖాతాలోనైనా పడుతుంది. క్లాసులో నేను చేసింది మాత్రం వేరా? నేతగాడి కష్టాన్ని "మన దేశం" ఖాతాలో వేసి చప్పట్లు తీసుకొన్నాను.

ఇంటికి వచ్చి ప్లినీని మళ్ళీ తెరిచాను. 5 కోట్ల మాట ఉన్న చోటనే ఇంకో మాట కూడా ఉంది: ఇండియానుంచి వచ్చే సరుకులు రోములో కొన్న ధరకు నూరు రెట్లకు అమ్ముడవుతున్నాయని. ఆ వాక్యం నేను చదవలేదని కాదు. చదివాను, నాకు కావలసిన సగం తీసుకొని మిగతాది వదిలేశాను. నూరు రెట్లన్నది ప్లినీ అతిశయోక్తే కావచ్చు; ఆ లెక్కలు ఎలా కట్టాడో ఆయన చెప్పలేదు. కాని దోవ అర్థమవుతూనే ఉంది. ఎర్రసముద్రపు రేవుల్లో దిగిన సరుకుమీద రోము ప్రభుత్వం నాలుగో వంతు సుంకం తీసుకొనేది. ఆపైన ఓడవాడు, అప్పిచ్చినవాడు, అంగడివాడు. ఇవతల రేవులోని సెట్టి, ఆ సెట్టినుంచి పన్ను తీసుకొనే రాజు. నూరులో ఒక్కటి ఈ ఒడ్డుకు చేరిందనుకొన్నా, అందులోనుంచి మగ్గం గుంటలోకి ఎంత దిగింది? నా విద్యార్థి అడిగింది అదే.

యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెంమీద ఓడ బొమ్మ ఉంది; మగ్గం లేదు. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది అవచి తిప్పయసెట్టికి. ఓడకూ సెట్టికీ సాహిత్యంలో చోటుంది. నేతగాడికి లేదు.

మరి నాణెం పుట్టిన చోట? దినారియస్ వెండిలో చాలా భాగం స్పెయిన్ గనులది. అక్కడి బానిసలు రాత్రీ పగలూ భూగర్భంలో మగ్గుతూ బతుకుకంటె చావునే కోరుకొనేవారని డియొడోరస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాశాడు. క్రీ.పూ. 73లో స్పార్టకస్ వెంట బానిసలు తిరగబడ్డారు. రెండేళ్ళ తరువాత వాళ్ళు ఓడిపోగా, పట్టుబడిన 6,000 మందిని కాపువా నుంచి రోము దాకా అప్పియన్ రోడ్డు పొడుగునా శిలువ వేశారు. రోమను రోడ్లను పొగిడే పాఠ్యపుస్తకం చాలాసార్లు ఈ సంగతిని ఇంకో అధ్యాయంలో చెబుతుంది. రెండూ ఒకే రోడ్డు కథ. రోము మనకు మిగిల్చినవి తక్కువేమీ కాదు. న్యాయశాస్త్రమూ, కట్టడపు విద్యా, చివరికి మన గోడమీది కాలెండరులోని జూలై, ఆగస్టు పేర్లూ దానివే. వాటిని కాదనను. కాని ఆ వారసత్వంలో శిలువలు కూడా ఉన్నాయి.

అంటే ఆ వెండి బిళ్ళ ఒక చివర గనిలోని బానిస చేతిలోనుంచి, ఇంకో చివర నేతగాడి చెమటమీదుగా నడిచింది. ఇద్దరూ ఒకరినొకరు చూడలేదు. ఇద్దరి బొమ్మా దానిమీద లేదు. ఉన్నది చక్రవర్తి తల.

ఇదంతా నాకు ముందే తెలియవలసింది. మా అమ్మమ్మ పొందూరులో నూలు వడికేది. వాలుగ చేప దవడతో దూది దువ్వి, ఏకులు చేసి, వెంట్రుకవంటి నూలు తీసేది. ఆనాడు రోముకు వెళ్ళింది పొందూరు బట్టేనని నేననను. అందుకు ఆధారం లేదు. కృష్ణాతీరపు మసాలియాలో సన్నబట్టలు విరివిగా నేస్తారని మాత్రం ఆనాటి గ్రీకు నావికుడొకడు రాసిపెట్టాడు. నాకు ఉద్యోగం వచ్చిన ఏడు పట్నంలో ఒక దుకాణంలో పొందూరు పంచె కొని అమ్మమ్మకు చూపించాను. ఆమె అంచు వేళ్ళతో నలిపి చూసి, ధర అడిగింది. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "దీని నూలుకు మాకిచ్చింది ఎంతో తెలుసురా, నాయనా?" అంది. నాకు తెలియదు. అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

మర్నాడు క్లాసులో శ్రీనాథుణ్ణి పక్కన పెట్టాను. "మొన్న నేను చెప్పింది సగమే," అని ప్లినీ రెండో వాక్యం బోర్డుమీద రాశాను. ఆ కుర్రాణ్ణి లేపి, అతని ప్రశ్నను మళ్ళీ అందరికీ వినపడేలా అడగమన్నాను. అడిగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. ఇద్దరు ముగ్గురు ఆ ప్రశ్నను నోటుపుస్తకంలో రాసుకొన్నారు.